చెల్లె పెండ్లిల తెర రెండుసార్లు దించినం

ఈ రోజు బోధన్‌ల మా చెల్లె పెండ్లి. అడ్డుతెర ఒక కొస నేనే పట్టుకున్న. జీలకర్ర బెల్లం పెట్టినంక తెర దించితే పిల్ల, పిలగాడు ఒకరినొకరు చూసుకోవాలె గదా. చెల్లె కండ్లెత్తి బావను చూసింది. బావేమో కెమెరాను చూస్తుండు!

"అన్నా, ఫోటో సక్కగ రాలే. తెర మళ్ల పట్టుండ్రి" అన్నడు ఫోటోగ్రాఫర్.

"గిదేమన్న నాటకమా?" అని గరమైన.

"పట్టు బావా, ఒక్క ఫోటోనే గదా" అన్నడు పెండ్లికొడుకు.

పండ్లు కొరుక్కుంట పట్టిన. ఈసారి బావ చెల్లెనే చూసిండు. చెల్లె మాత్రం కెమెరాను చూసి నవ్వింది.

ఫోటో మస్తు వచ్చిందట, అందరి స్టేటస్‌ల అదే. నాకైతే చెల్లె మొదట చూసిన చూపే యాదికొస్తుంది. మీరైతే తెర మళ్ల పట్టేటోళ్లా, చెప్పుండ్రి.