శనివారం వాపి రైలు

మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో చదివినంత మాత్రాన మా కళాశాల కుర్రాళ్లు తాగకుండా లేరు; వారానికి సరిపడా ఒకేసారి తాగడం నేర్చుకున్నారు. శనివారం మధ్యాహ్నం సూరత్‌లో రైలెక్కి, వాపిలో దిగి, ఆటోలో సరిహద్దు దాటితే మద్యానికి అడ్డులేని దమన్. సీసా వెనక్కి తేకూడదు కనుక అంతా అక్కడే ముగించాలి.

చర్చా పోటీల్లో నా జోడీదారు అలాంటివాడే. మాలాగే మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం. సూరత్‌లోని అమ్రోలిలో మా వెనక గల్లీ. మూడో సంవత్సరంలో ఆ తాగుడు దిగక అతడి సోమవారం ల్యాబులు వరుసగా తప్పాయి. ఇంకో రెండు తప్పితే పరీక్ష రాయనివ్వబోమన్నారు.

వాదనకు సిద్ధమై వెళ్లడం నేను చేసిన తప్పు. చట్టం, ఆరోగ్యం, కుటుంబం అని అంశాలు రాసుకుని క్యాంటీన్‌లో కూర్చోబెట్టాను. చనిపోయినవారికి ఇష్టమైనవన్నీ కాకికి పెట్టే మా ఆచారాన్నే అతడు నా మీదికి తిప్పాడు.

“అరే, మా తాతకు పిట్టకు పెట్టిననాడు ముందుగాల సీసానే పెట్టిన్రు. సచ్చినోడికి పోస్తరు, బతికినోడు తాగితే తప్పా?”

చుట్టూ చప్పట్లు. నేనూ నవ్వాను, అంత అందంగా ఖండించాడు. లేస్తూ మాత్రం మెల్లగా అన్నాడు: “నువ్వు అడుగుతున్నవా, గెలుస్తున్నవా? జర చెప్పు.”

ఆ శనివారం నేనూ స్టేషనుకు వెళ్లాను. మా సాధనలో ఒక నియమం ఉండేది: మాట్లాడేవాడు తన మాట ముగించి బల్లమీది ఇత్తడి గంట కొట్టేదాకా ఎదుటివాడు నోరు తెరవరాదు. ఆ గంటను అతడి చేతిలో పెట్టాను.

“నువ్వు కొట్టేదాక నేను మాట్లాడ.”

“పిచ్చి లేసిందా ఏందిరా?” అన్నాడు.

కాసేపటికి చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి గ్లాసు తనకసలు నచ్చదట. నాలుగోది దాటితే గానీ నలుగురిలో మాట రాదట. వేదిక మీద అంత ధారాళంగా మాట్లాడేవాడు అలా అంటుంటే ఎన్ని ప్రశ్నలు పుట్టాయో! అన్నీ మింగేశాను. రైలు వచ్చింది. ఒకసారి దానివైపు చూశాడు, చెబుతూనే ఉన్నాడు. రైలు వెళ్లిపోయింది.

తర్వాత రెండు శనివారాలు రైలెక్కాడు కూడా. సోమవారం ల్యాబులు మాత్రం తప్పలేదు. మిగిలిన శనివారాలు స్టేషను బయట వేడి శనగపిండి లోచో తింటూ, అతడి మాటలు వింటూ గడిచాయి. పరీక్ష రాశాడు.

గంటను అతడు జట్టుకు తిరిగి ఇవ్వనేలేదు. మొన్న ఫోనులో అడిగాను.

“నేనింకా కొట్టలే గదరా,” అన్నాడు.