కోట్ల పురుగుల మందు

కడుతున్న ఆసుపత్రి కూలడం మీరు చూసి ఉంటారు. నడుస్తున్న ఆసుపత్రిని డాక్టరే తన నోటితో కూల్చుకోవడం చూసి ఉండరు. ఆ ఘనత నాది. మార్కాపురంలో బోర్డు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఆ ఆదివారం విజయవాడలో డాక్టర్ల సదస్సుకు వెళ్లాను. ప్రోబయాటిక్స్ మీద ఉపన్యాసం. యాంటీబయాటిక్ రాసిన చేత్తోనే ఇవీ గిలికి పారేస్తారుగానీ, అవేమిటో రోగికి ఒక్క ముక్కయినా చెప్పరేమని వక్త మమ్మల్ని దులిపేశాడు. మిగతా డాక్టర్లు భోజనాల వైపు చూస్తుంటే నేనొక్కడినే పూనకం వచ్చినట్టు తలూపాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త డాక్టరు నోరాపడమెరగడు.

మర్నాడే పుల్లలచెరువు వైపు నుంచి మరియమ్మ వచ్చింది. కూలిపనికి పోయే మనిషి, మా అమ్మ వయసు. నేనిచ్చిన యాంటీబయాటిక్‌తో జ్వరం తగ్గి విరేచనాలు పట్టుకున్నాయి. సదస్సులో పంచిన ప్రోబయాటిక్ గొట్టం బిళ్లలు చేతిలో పెట్టి, అన్నం తిన్నాక వేసుకోమంటే సరిపోయేది. సరిపెట్టుకుంటే నేనెందుకవుతాను?

“ఇందులో ప్రాణమున్న సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి పెద్దమ్మా.”

“అంటే ఏంది నాయనా?”

“పురుగుల్లాంటివే. కానీ మంచివి.”

ఆమె ఒక బిళ్లను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. “పోయిన వారం కడుపులో పురుగులు సావాలని బిళ్ల మింగిచ్చినావు. ఇప్పుడు కొత్తవి తోలుతున్నావా?”

నిజమే, జ్వరం మందుతో పాటు అదీ ఇచ్చాను. మంచివి వెళ్లి చెడ్డవాటిని తరిమేస్తాయని వివరించాను. ఆమె శ్రద్ధగా విని, “తరిమినాక ఇవి యాడికి పోతాయి?” అంది. ఆ సంగతి వక్త చెప్పలేదు. మరియమ్మ బిళ్లలు బల్లమీదే పెట్టి లేచిపోయింది.

గంట కొట్టాను. రోగి రాలేదు, కాంపౌండరు ఖాసిం వచ్చాడు. “అందరూ పోయినారు సార్. డాక్టరు పురుగులు మింగిస్తున్నాడని బస్టాండు దాకా పాకింది.”

మూడు రోజులు ఈగలు తోలుకున్నాను. నాలుగో రోజు ధైర్యమున్న కొందరు వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ల మధ్య నిలబడి అదే బిళ్ల నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నాలుక చాపి చూపించాను. నాకేమీ కాలేదు చూడండన్నాను.

ముందురోజు గిద్దలూరు పెళ్లిలో మాంసం పులుసు మళ్లీ మళ్లీ పోయించుకున్నానని వాళ్లకు తెలియదు. కాసేపటికి కడుపులో నల్లమల ఘాటెక్కే ఆర్టీసీ బస్సు మొదలైంది. మొదటిసారి మరుగుదొడ్డికి హుందాగా నడిచి వెళ్లాను. తర్వాత హుందాతనం వదిలేశాను. ఆఖరికి మెడలో స్టెతస్కోపు ఎగురుతుండగా పరిగెత్తాను. నేను వెళ్లినప్పుడల్లా బెంచీల మీది తలలన్నీ అటు, వచ్చినప్పుడల్లా ఇటు తిరిగాయి. ఇక మార్కాపురంతో నాకు రుణం తీరిందనుకుంటూ తాళం వేయించాను.

మర్నాడు చూస్తే రోడ్డు దాకా జనం. కొట్టడానికి వచ్చారేమో అనుకున్నాను. ముందు నిలబడ్డ, త్రిపురాంతకం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నా చెవి దగ్గర వంగాడు.

“వారమాయె నాయనా, కడుపు కదలడంలే. నిన్న నీకు పనిచేసింది జూడు, ఆ పురుగుల మందే నాకూ రాయి.”

వెనకున్నవాళ్లంతా మాకూ అదే బాధన్నట్టు తలలూపారు.

స్టెతస్కోపు మీద చెయ్యి వేసి అప్పుడే ప్రమాణం చేశాను: ఏ మందు సంగతైనా నోటితో చెబుతాను తప్ప, ఈ జన్మలో ఒంటితో చూపించను.