మాఫీ పొలం బువ్వ

మా బడికి వరి పండే నాలుగెకరాల తరి పొలం ఉండేది. కనకమామిడి దగ్గర, బావి కింద, మంచి నేల. చేవెళ్ల పటేలు తండ్రి దాన్ని బడి పేరిట రాశాడు. పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టాలన్న షరతు మీద సర్కారు ఆ పొలానికి శిస్తు మాఫీ చేసింది. బడి నడిపే సంఘానికి తండ్రి తరువాత పటేలే అధ్యక్షుడు. నేను ఆ బడిలో పంతులమ్మను.

ఆ పటేలు గురించి చెడ్డతో మొదలుపెడితే నా కళ్లు పోతాయి. నా భర్త పోయిన ఏడు, చంకలో బిడ్డతో నేను మొయినాబాద్‌లో కూలికి పోతున్నాను. నేను పాదిరిగారి బడిలో ఏడో తరగతి దాకా చదివానని ఎవరో చెబితే, ఆయన మా వాడకు నడిచి వచ్చి కొలువు ఇచ్చాడు. ఆయన కులం వాళ్లు నలుగురూ నాలుగు మాటలన్నారట. వాటిలో ఒక్కటి కూడా ఆయన నా చెవిన పడనీయలేదు.

యుద్ధం రోజుల్లో ఆయనకు రాజకీయాలు పట్టుకున్నాయి. అందులో తప్పు పట్టను. సభల్లో ఆయన అడిగే హక్కులు నాకూ కావలసినవే. వెట్టి పోవాలంటే మా వాడలో వద్దనేదెవరు? అయితే చేవెళ్లలో కార్యకర్తలకు శిబిరం పెట్టారు. శిబిరానికి తిండి కావాలి. మొదటి ఏడు బడి పొలం వడ్లు సగం బండెక్కి చేవెళ్ల పోయాయి. మరుసటి ఏడు దాదాపు అన్నీ పోయాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పిల్లల బువ్వతో ఆయన ఉద్యమం నడిచింది. అడిగేద్దామని ఒకసారి చేవెళ్ల దాకా వెళ్లాను. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, దేశం సంగతులన్నీ చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, నేను అడగవలసింది అడగకుండానే లేచి వచ్చాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

బడిలో అన్నం గంజి అయింది, గంజి నీళ్లయింది. అప్పుడు మా వాడ ఆడవాళ్లు ఒక పని చేశారు. మాలో ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం దేవుని మందిరానికి ఇస్తారు. ఆ పిడికిలి బియ్యాన్ని బడికి మళ్లించారు. బడిలో వండే అవ్వ ఇల్లిల్లూ తిరిగి ఒడిలో పట్టుకొచ్చేది. బడి పరువు పోతే మన పరువు పోయినట్టేనని అందరికీ బెంగ. నేనూ వాళ్లను మెచ్చుకున్నాను. పటేలు చేసిన తప్పు మీద మేమే మూత పెట్టి కాపాడుతున్నామని మాలో ఒక్కరికీ తోచలేదు. అంత తెలివి మాది.

ఆయన ఎదుటి పక్షం వాళ్లకు తోచింది. పిల్లల మీద ప్రేమతో కాదులెండి. పొలం వడ్లు బడికి చేరడం లేదని వాళ్లు సర్కారుకు అర్జీ పెడితే, విచారణకు గిర్దావరు వస్తున్నాడని కబురు వచ్చింది. శిస్తు వ్యవహారాలు చూసే అధికారి ఆయన. ముందు రోజే పటేలు మనిషి వచ్చి, వంట మాఫీ పొలం బియ్యంతోనే జరుగుతున్నదని ఒక్క మాట చెబితే చాలన్నాడు. కాదంటే మాఫీ పోతుందని, బడి మూతపడుతుందని కూడా అన్నాడు. అది ఉత్త బెదిరింపు కాదు. నా కొలువు, నా బిడ్డ తిండి ఆ బడిలోనే ఉన్నాయి. పైగా తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినదాన్నవుతానని లోపల ఒకటే పీకులాట.

గిర్దావరు సరిగ్గా అన్నం వేళకు గుర్రం దిగాడు. గుండిగ మూత తీయించాడు. అన్నం నిండుగా ఉంది. సరేనని తలూపి కలం తీశాడు. ఇంతలో అవ్వ విస్తరాకులో ఇంత అన్నం పెట్టి ఆయన ముందుంచింది. అన్నం వేళకు వచ్చిన మనిషికి పెట్టకుండా ఆమె ఉండలేదు, అంతకు మించి ఏ ఎత్తూ లేదు. ఆయన తినలేదు గానీ చూశాడు. ఎర్ర మెతుకు, తెల్ల మెతుకు, నూకలు, మధ్య మధ్య ఉడకని జొన్న గింజ. ఒక్క పొలంలో పండిన బియ్యం ఇట్లా ఉంటుందా అని నన్ను అడిగాడు.

 అవ్వ నా మొహంలోకి చూసింది.

"పటేలు మంచోడే బిడ్డ, ఎవలు కాదన్నరు? పోరగాండ్ల బువ్వ మీద మాత్రం అబద్ధమాడకు."

చెప్పాను. పొలం వడ్లు ఎక్కడికి పోతున్నాయో, ఈ బియ్యం ఎక్కడి నుంచి వస్తున్నదో రెండూ చెప్పాను. పటేలు ఒక్క గింజ తన ఇంటికి తీసుకుపోలేదని కూడా రాయమన్నాను. అది రాస్తే తప్ప సంతకం పెట్టనన్నాను. గిర్దావరు విసుక్కున్నాడు, అయినా రాశాడు.

రెండు నెలలకు హుకుం వచ్చింది. మాఫీ ఉంటుంది, పొలం మాత్రం సంఘం చేతిలో ఉండదు. పంట మొత్తం బడిలోనే దించాలి. చూసుకోవడానికి ఊరి నుంచి ఐదుగురు, అందులో ఇద్దరు పిల్లల తల్లులు. శిబిరానికి పోయిన రెండు పంటల మీద శిస్తు పటేలు సొంతంగా కట్టాలి. పంతులమ్మను ఉంచడమా తీసేయడమా అన్నది మాత్రం, పటేలు అధ్యక్షుడుగా ఉండే ఆ నెలాఖరు దాకా ఆయన చేతిలోనే ఉంది. నేను మళ్లీ కూలికి పోవడానికి మనసు సిద్ధం చేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి, గింజల కొట్టు తాళంచెవి అవ్వ చేతికిచ్చాడు. పిల్లలు తింటున్నారు. తిని పొమ్మని అవ్వ అన్నది. మా వాడ కూడు ఆయన అంతకు ముందు ఎన్నడూ తినలేదు. అయినా పంక్తి చివర కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. చేయి కడుక్కుని, నా వైపు చూడకుండా జేబులోంచి కాగితం తీశాడు.

"నీ మీద నాకు కోపమున్నది పంతులమ్మా. పోతదో పోదో తెల్వదు. కాని బడికి నువ్వే ఉండాలె. రాసిచ్చి పోతున్న."

ఆ కోపం పోలేదు. దారిలో ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. ఆ కాగితంతోనే నా బిడ్డ పెరిగింది, నేను తలెత్తుకుని బతికాను. అంత కోపంలోనూ అన్యాయం చేయని మనిషికి ఒక్కసారి చేతులెత్తి దండం పెట్టాలని ఏళ్ల తరబడి అనుకున్నాను. ఆయన పోయిన రోజు చేవెళ్ల దాకా నడిచి వెళ్లి పెట్టాను. ఆ ఒక్కసారి ఆయన మొహం తిప్పుకోలేదు.