సరంగు ఆంథోనీ ఓటు

మా ఆయనకీ పక్కింటి ఆంథోనీ అన్నయ్యకీ మాటలు లేవన్న సంగతి యానాం ఫరంపేటలో అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. పొద్దు వాలగానే చెప్పులేసుకుని, ప్రహరీ మీంచి "ఒరేయ్ సరంగూ" అని కేకవేసే మనిషి టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మిరియాల కషాయం కాచి ఇచ్చాను. తాగాడు మహానుభావుడు. సంగతి మాత్రం చెప్పలేదు.

ఆంథోనీ అన్నయ్య గురించి చెప్పాలంటే గోదారి దగ్గరే మొదలుపెట్టాలి. వంతెన కట్టకముందు యానాం నుంచి ఎదుర్లంకకి అందరూ పంటు మీద దాటేవాళ్ళం. బస్సులూ, బళ్ళూ, పెళ్ళివారూ అందరూ పట్టేంత వెడల్పాటి ఇనప బల్లకట్టు అది. దాన్ని వెనక నుంచి లాంచీ నెట్టుకెళ్ళేది. ఆ లాంచీకి ఆంథోనీ అన్నయ్య సరంగు, అంటే చుక్కాని పట్టే మనిషి. మా ఆయన పాపారావు పంటు ముందు కొసన నిలబడి, గెడ దించి, లోతు ఎంతుందో అరిచి చెప్పేవాడు. వేసవిలో గోదారి అడుగున ఇసుక మేటలు ఇవాళ ఒకచోటుంటే రేపు ఇంకోచోట ఉంటాయి. పంటు మీద జనం, సామాను అడ్డమొచ్చి సరంగుకి ముందున్న నీళ్ళు సరిగ్గా కనిపించవు. మా ఆయన ఎటని కేక వేస్తే చుక్కాని అటు తిరిగేది.

నేను కాపురానికొచ్చింది కూడా ఆ పంటు మీదే. గెడ పట్టాల్సినవాడు ఆ రోజు రాలేదని మా ఆయన పెళ్ళికొడుకు బట్టల్లోనే వెళ్ళి గెడ అందుకున్నాడు. మా పుట్టింటివాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే చుక్కాని దగ్గర ఒకాయన పడీపడీ నవ్వుతున్నాడు. ఆంథోనీ అన్నయ్యని నేను మొదటిసారి చూడడం అదే. ఒడ్డు దిగాక, "ఏం అనుకోకమ్మా, నీకంటే ముందు ఆ గెడతో పెళ్లయింది వీడికి" అన్నాడు. ఆ పూట నుంచి ఆయన నాకు అన్నయ్యే.

వంతెన వచ్చింది. పంటుని గట్టు కింద బురదలో కట్టేసి వదిలేశారు. మా ఆయన ఆటో కొన్నాడు. ఆంథోనీ అన్నయ్య వలలు బాగుచేస్తూ కాలం గడిపాడు. గోదారి కనపడే చోటే కూర్చుని పని చేసుకునేవాడు. తర్వాత కంట్లో నీటికాసులన్నారు. కాకినాడ తీసుకెళ్ళాం, పాండిచ్చేరి తీసుకెళ్ళాం. మందులు వేసినన్ని వేశాం. చూపు కొంచెం కొంచెంగా పోయి, చివరికి పగలూ రాత్రీ ఒకటే అయిపోయింది. ఆయన దేని గురించీ ఏడవలేదు. గోదారి కనపడదని మాత్రం ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు.

అప్పట్నుంచీ ప్రతి సాయంత్రం మా ఆయన అన్నయ్యని చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి గోదారిని చెప్పేవాడు. నీళ్ళు ఎక్కే పోటా, దిగే పాటా, నీళ్ళ రంగేమిటి, ఏ పడవ ఎటు పోతోంది, ఎవరి వలలో ఏం పడింది, అన్నీ. నాతో నాలుగు మాటలు మాట్లాడడానికి బద్ధకించే మనిషికి అక్కడ అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చేవో. చివర్లో ఆంథోనీ అన్నయ్య ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"మన పంటు ఉందా?"

"ఉందిరా. నీలం రంగు బాగా వెలిసిపోయింది. ఎడం పక్క బురదలో కూరుకుంది. కొంగలు వాలాయి."

పంటు లేదు. ఆయన చూపు పోయిన మరుసటి ఏడే పాత ఇనుము వాళ్ళొచ్చి ముక్కలుగా కోసి లారీకెత్తుకుపోయారు. నేనూ మా ఆయనా అక్కడే నిలబడి చూశాం. ఎందుకండీ ఆయనకి అబద్ధం చెబుతారని అడిగితే, నీకెందుకే అని కసురుకున్నాడు. కాసేపాగి, వాడికి చూసుకోవడానికి ఇంకేముందే అన్నాడు. నేనింక ఆ మాట ఎత్తలేదు.

ఇక ఈ ఎన్నికల గొడవకొస్తాను. ఇదివరకు ఓట్లొస్తే ఇద్దరూ గట్టు మీదే తేల్చుకునేవారు. గోదారి పొంగినప్పుడు ఎవరొచ్చారు, ఎవరు మొహం చాటేశారు, ఆసుపత్రి ఎవరి హయాంలో బాగుంది అని గొంతులు చించుకునేవారు. ఒకోసారి ఇద్దరి ఓటూ ఒకటయ్యేది, ఒకోసారి కాదు. ఏదైనా ఇంటికి మాత్రం చెయ్యి పట్టుకునే వచ్చేవారు. ఈసారి ఏ టీ కొట్టు దగ్గరా గోదారి మాట లేదు, ఆసుపత్రి మాట లేదు. పౌరసత్వం చట్టం ఒక్కటే మాట. పక్క దేశాల నుంచి వచ్చినవాళ్ళలో ఎవరిని మనవాళ్ళనాలి, ఎవరిని అనకూడదు, దానికి మతం చూడొచ్చా చూడకూడదా అని. మా ఆయన చూడొచ్చన్నాడు. ఆంథోనీ అన్నయ్య అదెక్కడి న్యాయమన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు టీ కొట్టులో మాటా మాటా పెరిగి మా ఆయన నోరు జారాడు.

"మీవాళ్ళ పేరు కూడా రాశారు కదరా అందులో, క్రైస్తవులని. ఇంక నీకేంటి బాధ?"

ఆంథోనీ అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడట. తర్వాత, "మీవాళ్ళంటే ఎవర్రా? నాకు వేరే మావాళ్ళు ఎవరున్నారు?" అని లేచాడట. కర్ర పట్టుకుని, గోడలు తడుముకుంటూ ఒక్కడే ఇంటికి బయల్దేరాడట. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. లేచి చెయ్యి అందుకోలేదు. ఆ టీ కొట్టు ఉమామహేశ్వరం చెబితే నాకీ సంగతి తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కషాయం ఇచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయనింట్లో తెరేసా వదిన పాట్లు చెప్పనలవి కాదు. మొగుడు గోదారి గోదారి అని కలవరిస్తుంటే చూడలేక తనే గట్టుకి తీసుకెళ్ళింది. ఎలా ఉందే అని అడిగాడట. నీళ్ళున్నాయి అందట. ఇంకా, అన్నాడట. ఇంకా కూడా నీళ్ళే అందట. పాపం, ఆవిడ చెప్పింది నిజమే, కానీ దాంతో ఆయన కడుపు నిండుతుందా? చివరికి మన పంటు ఉందా అని అడిగితే, ఏం పంటండీ, దాన్ని కోసుకుపోయి ఏళ్ళయింది కదా అనేసింది.

ఆ రోజంతా అన్నయ్య అన్నం ముట్టలేదు. వదిన ప్రహరీ దగ్గరికొచ్చి, చెప్పకూడనిది చెప్పానా వదినా అని ఏడ్చింది. ఆవిణ్ణి ఏమనగలను? ఈ సంగతి మా ఆయనకి మాత్రం నేను చెప్పలేదు. చెబితే సిగ్గుతో ఇంకా ముడుచుకుపోతాడని భయపడ్డాను.

అప్పటికే ఓట్ల రోజు దగ్గరికొచ్చేసింది. ఓటు మిషను మీద చూపు లేనివాళ్ళ కోసం చుక్కల అక్షరాలుంటాయట. నడివయసు దాటాక చూపు పోయినవాడికి ఆ చుక్కలేం తెలుస్తాయి? అలాంటివాళ్ళు నమ్మకమున్న మనిషిని ఒకణ్ణి వెంట తీసుకెళ్ళొచ్చు. ఆ మనిషి లోపలికెళ్ళి వాళ్ళు చెప్పిన మీట నొక్కుతాడు. ఇన్నాళ్ళూ ఆ మనిషి మా ఆయనే. ఈసారి తెరేసా వదిన మేనల్లుడు సెబాస్టియన్ నేను తీసుకెళ్తా మావయ్యా అని వచ్చాడు. వాడిదీ అన్నయ్యదీ ఒకటే మాట, ఒకటే ఓటు. పాపారావు గారు చట్టం వైపు మనిషి, మీ వేలు మీద ఆయన వేలు పెడితే ఎటు నొక్కుతాడో మీకెలా తెలుస్తుంది అన్నాడు. లేని పంటుని ఇన్నేళ్ళు ఉందని చెప్పినవాడు రేపు వెయ్యని ఓటుని వేశానని చెప్పడా అని కూడా అన్నాడు. కుర్రాడి మాటలో తప్పేముంది?

అన్నయ్యకి అసలు ఓటు ఎటన్నదే పెద్ద చిక్కయిందని వదిన చెప్పింది. చట్టాన్ని మెచ్చుకునే పక్షం తరఫున నిలబడ్డాయన వరదల్లో నడుంలోతు నీళ్ళలో మా పేటకి బియ్యం మోయించిన మనిషి. మంచోడే, కాదనను, కానీ ఈసారి మంచితనానికి కాదు కదే ఓటు అని తనలో తనే గొణుక్కునేవాడట. పాపారావుంటే తిట్టుకునైనా తేల్చుకునేవాళ్ళం అనేవాడట. ఆ మాట విన్న రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇవతల మా ఆయన పరిస్థితీ అదే. సాయంత్రమైతే చెప్పులేసుకుంటాడు, గేటు దాకా వెళ్తాడు, వెనక్కొచ్చి విప్పేస్తాడు.

ఓట్ల రోజు పొద్దున్నే మా ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వీధరుగు మీద కూర్చున్నాడు. వెళ్దామా అంటే ఎండ తగ్గనీ అన్నాడు. మధ్యాహ్నం అడిగితే జనం తగ్గనీ అన్నాడు. కళ్ళు మాత్రం పక్కింటి గేటు మీదే. సెబాస్టియన్ బండేసుకుని ఆ ఇంటికి రావడం చూశాడు. లోపలికెళ్ళడం చూశాడు. ఒక్కడే బయటికొచ్చి విసురుగా వెళ్ళిపోవడం కూడా చూశాడు.

ఎండ వాలాక గోడ పొడుగునా కర్ర చప్పుడు వినపడింది. ఆంథోనీ అన్నయ్య ఒక్కడే తడుముకుంటూ వచ్చి మా గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"పాపారావూ, నా ఓటు నీకిష్టమైన వైపు కాదు. తెలుసుగా?"

"తెలుసు."

"అయినా నువ్వే ఎయ్యాలి."

"సెబాస్టియన్ ఉన్నాడు గదరా."

"ఆడు పుట్టకముందు నుంచీ నీ కేక మీద చుక్కాని తిప్పాను. ఒక్కసారన్నా మేట ఎక్కిచ్చావా?"

మా ఆయన లేచాడు. "ఒరేయ్, ఆ రోజు నేనన్న మాట..." అని ఆగిపోయాడు.

"దానికి తర్వాత తిడతాను. పద, తలుపులేసేత్తారు."

ఆ కంగారులో మా ఆయన ఒక కాలికి తనదీ, ఒక కాలికి నాదీ చెప్పులేసుకుని బయల్దేరాడు. నేను చూసి కూడా చెప్పలేదు. ఎక్కడ ఆగిపోతాడోనని.

ఓట్లు వేసే బడిలో నేనూ వదినా ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాం. ఆఫీసరు మా ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఓటు ఎటు వేసిందీ ఎవరికీ చెప్పనని, ఇంకెవరి కోసమూ ఇలా రానని. తన ఓటుకి ఎడం చేతి వేలికీ, అన్నయ్య కోసం వచ్చినందుకు కుడి చేతి వేలికీ సిరా రాశారు. ఇద్దరూ అట్టపెట్టె చాటుకి వెళ్ళారు. అన్నయ్య మా ఆయన చెవి దగ్గర ఏదో అన్నాడు. మిషను కూత వినపడింది. బయటికొచ్చేటప్పటికి మా ఆయన మొహం కందిపోయి ఉంది. ఏం నొక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు, సంతకం పెట్టాడుగా, కట్టుకున్నదానికైనా చెప్పడు.

ఇంటికి పోకుండా తిన్నగా గట్టుకే వెళ్ళారు. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. మా ఆయన గోదారిని చెప్పడం మొదలుపెట్టాడు. పోటు మొదలైందన్నాడు. ఎదుర్లంక వైపు ఎండ ఇంకా ఉందన్నాడు. రెండు నావలు సముద్రం నుంచి వస్తున్నాయి, ముందు దానికి ఎర్ర జెండా కట్టారన్నాడు. అన్నయ్య ముఖం ఎత్తి వింటున్నాడు. ఎన్నాళ్ళో ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టినట్టుంది ఆయన ముఖం. ఓటు గురించి ఒక్క మాట అడగలేదు. చివరికి, ఎప్పటిలాగే అడిగాడు.

"మన పంటు ఉందా?"

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నయ్యకి నిజం తెలుసునని మా ఆయనకి తెలియదు. మా ఆయన నీళ్ళ వంక చూశాడు. సిరా అంటిన తన రెండు వేళ్ళ వంకా చూసుకున్నాడు.

"లేదురా. ఎప్పుడో కోసుకుపోయారు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను."

ఆంథోనీ అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే నా ఓటు నేను చెప్పిన చోటే పడిందిలే" అన్నాడు.

ఆ చట్టం గురించి వాళ్ళిద్దరికీ అప్పుడూ కుదరలేదు, ఇప్పటికీ కుదరలేదు. నావలు రెండూ మా ముందు నుంచి దాటిపోయాయి. అన్నయ్య కర్ర పక్కన పెట్టి మా ఆయన భుజం తడిమి పట్టుకున్నాడు.

"పాపారావూ, రేపట్నుంచి మాత్రం ఉందనే చెప్పు."

మా ఆయన అన్నయ్యని గట్టు కింద బురద వైపు తిప్పాడు.

"రేపటి దాకా ఎందుకురా. అదిగో, నీలం రంగు బాగా వెలిసిపోయింది."

"ఎటు పక్క కూరుకుంది?"

"ఎడం పక్క. కొంగలు వాలాయి."