ఈలమ్మ పళ్ల సందు

మంగళవారం పొద్దున ఈలమ్మ కట్టుడు పళ్లు చెయ్యి జారి వాష్ బేసిన్‌లో పడ్డాయి. పై వరస సరిగ్గా మధ్యలో, ముందు పళ్లు రెండింటి నడుమ, గీత గీసినట్టు విరిగింది. ఇంకొకరైతే అయ్యో అనుకునేవారు. ఈలమ్మ ఆ రెండు ముక్కల్నీ కుళాయి కింద కడిగి నోట్లో పెట్టుకుంది. మధ్యలో కొద్దిగా ఎడం ఉంచి, అద్దంలో చూసుకుంటూ "స్తోత్రం" అంది. అనుకున్నది జరగలేదు. ముక్కలు రెండూ నాలుక మీద పడ్డాయి.

వంటింట్లోంచి ఆడపడుచు గొంతు వినిపించింది. "ఏమిటి వదినా, పొద్దున్నే అద్దంతో కబుర్లు?"

"పళ్లు విరిగాయి."

"మంచిదే. నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

ఈలమ్మకి ఎనభై దాటాయి. ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు. ఒకప్పుడు ఆవిడ ముందు పళ్ల మధ్య ఒక సందు ఉండేది. మాటలో ‘స’ వచ్చినప్పుడల్లా అందులోంచి సన్నటి ఈల వచ్చేది. మాట్లాడితే పిట్ట, పాడితే రైలు అని తోటివాళ్లు నవ్వేవారు. పెద్దాసుపత్రి లాండ్రీలో ఆవిడది ఇస్త్రీ పని. దుప్పట్లు, దిండు గలేబులు, నర్సుల కోట్లు, ఆపరేషన్ గౌన్లు, పొద్దస్తమానం అన్నీ తెలుపే. తడిబట్టల చెమ్మ, ఇస్త్రీ ఆవిరి కలిసి మధ్యాహ్నానికల్లా ఆ హాలులో మనిషికి మనిషి కనపడేది కాదు.

అక్కడే బాయిలర్ చూసుకునే ఒక కుర్రాడు ఉండేవాడు. అతని కళ్లద్దాలు సీసా అడుగంత మందం. హాలులో అడుగు పెట్టగానే అవి మసకబారిపోయేవి. తీసేస్తే ఏమీ కనపడదు, పెట్టుకుంటే అసలే కనపడదు. పైపు బాగుచెయ్యడానికి వచ్చిన మొదటి రోజున ఆరేసిన దుప్పట్ల మధ్య దారి తప్పాడు. ఎక్కడో ఎవరో పాడుకుంటూ ఉంటే ఆ ఈల పట్టుకుని నడిచి, తిన్నగా ఇస్త్రీ బల్లకి గుద్దుకున్నాడు. ఆ తర్వాత అదేం చిత్రమో, ఆ హాలులో పైపులు వారానికి రెండుసార్లు పాడయ్యేవి. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. పెళ్లయ్యాక కూడా బజారులో, చర్చిలో, ఆసుపత్రి గేటు దగ్గర, ఎక్కడ జనంలో కలిసిపోయినా ఈల విని తల తిప్పేవాడు.

నలభై రాకుండానే గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. ఆ నెలలోనే అతని చెల్లెలు ఒక పెట్టె పట్టుకుని, వదినకి తోడుగా నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చింది. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు.

ఆడపడుచుని అందరూ చిట్టి అంటారు. ఆ చిట్టి ఆరడుగులకి నాలుగు వేళ్లు తక్కువ. అదే లాండ్రీలో దుప్పట్లు మడిచే యంత్రం పక్కన నిలబడి నిలబడి ఎడమ చెవి పోగొట్టుకుంది. చర్చిలో ఎప్పుడూ వదినకి కుడిపక్కనే కూర్చుంటుంది. చెవిటి చెవి అటువైపు వస్తుందని. ఈ సంగతి దాచుకోలేదు, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

ఎనిమిదేళ్ల కిందట ఈలమ్మ మిగిలిన పళ్లు తీయించేసి సెట్టు కట్టించుకుంది. ముత్యాల్లా ఉన్నాయని చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఈల పోయింది, పేరు మిగిలింది. దానికి ఆవిడ పెద్దగా బాధపడలేదు, మొన్న ఆదివారం దాకా.

మొన్న ఆదివారం చర్చిలో అయ్యగారు పరలోకం గురించి చెప్పారు. కొత్తగా వచ్చిన చిన్న వయసు పాస్టరు, గొంతు బాగుంటుంది. అక్కడ ఎవరూ లెక్కపెట్టలేనంత మంది ఉంటారన్నారు. అందరికీ తెల్లని వస్త్రాలు. ముసలితనం ఉండదు, మచ్చ, ముడత ఏదీ ఉండదు. అందరూ కలిసి ఒక్క గొంతుగా పాడతారు. వింటున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఈలమ్మకి మాత్రం గుండెలో రాయి పడింది.

లాండ్రీలో బతుకు గడిపిన మనిషికి తెల్లబట్టల గుంపు అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ప్రతి కోటుకీ కాలరు లోపల రంగుదారంతో ఒక గుర్తు కుట్టాలి. ఆ దారం ఊడిందా, ఆ కోటు ఇక సొంతదారుకి చేరదు. ఒకసారి అలా గుర్తు ఊడినవి ఒక బుట్టెడు పోగయ్యాయి. ఎవరివో తేలక చివరికి నేల తుడిచే గుడ్డలు చేశారు. అలాంటిది లెక్కకందనంత మంది, అందరూ తెలుపు, అందరూ పడుచువాళ్లు, అందరిదీ ఒకటే పాట. అందులో మొగుడు తనని ఎలా పోల్చుకుంటాడు?

ఆదివారం, సోమవారం ఇదే ఆలోచన. మంగళవారం పళ్లు విరిగాయి. దేవుడు కాకపోతే ఇంకెవరు విరగ్గొడతారు అనుకుని, ముక్కల్ని రుమాల్లో చుట్టుకుని బయల్దేరింది.

పళ్ల సెట్లు చేసే ఆయన గది మందుల షాపు పైన. బల్ల మీద మైనం దిమ్మెలు, ప్లాస్టరు అచ్చులు, ఒక పక్కన ఎవరెవరివో దవడలు వరసగా ఆరుతున్నాయి. పళ్లాయన ముక్కలు రెండూ వెలుతురులో పెట్టి చూశాడు.

"అతికిస్తే నిలవదమ్మా. కొత్తది చెయ్యాలి."

"చెయ్యండి. మధ్యలో సందు ఉండాలి."

"సందు ఉండదమ్మా. పూచీ నాది."

"ఉండాలి అంటున్నాను."

పళ్లాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "సందు ఉన్నవాళ్లు మూయించుకోడానికి వస్తారమ్మా నా దగ్గరికి. దేవుడు మర్చిపోయింది నేను పూడుస్తుంటాను."

"నా మొగుడు నన్ను ఆ సందుని బట్టే పోల్చుకునేవాడు."

"ఆయన ఎక్కడున్నారు?"

"పరలోకంలో."

పళ్లాయన చేతిలోని ముక్కల్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "మరి... ఎప్పుడు కలుస్తున్నారు?"

"మీ పని ఎప్పటికి అవుతుందో దాన్ని బట్టి."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. సందు పెడితే చూసినవాళ్లు పనితనం లేదనుకుంటారని ఒక భయం. పెట్టనంటే ఈవిడ వెళ్లేలా లేదని ఇంకో భయం. చివరికి, "మీ పాస్టరు గారిని అడగండి. ఆయన సరేనంటే చేస్తాను. మతం సంగతుల్లో నేను వేలు పెట్టను. నా వేలు నోటి వరకే" అన్నాడు.

కబురందుకుని అయ్యగారు మర్నాడు సాయంత్రం ఇంటికే వచ్చారు. ఈలమ్మ పళ్లు లేని నోటితో, ఒక్కో మాటా రెండేసిసార్లు చెప్తూ, విషయమంతా విడమరిచింది. చిట్టి టీ కాస్తూ వింది.

"అమ్మా, అక్కడ పెళ్లిళ్లు ఉండవని ప్రభువే చెప్పారు," అన్నారు అయ్యగారు నెమ్మదిగా. "దేవదూతల్లా ఉంటాం."

"అంటే అక్కడ ఈవిడ నాకు వదిన కాదన్నమాట," అంది చిట్టి. "అయ్యగారూ, టీ ఇంకొంచెం పొయ్యనా?"

"పెళ్లి లేకపోతే పోయింది," అంది ఈలమ్మ. "పలకరింపు ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది. ఒకరినొకరం గుర్తుపడతామనే మన నమ్మకం. పైగా అక్కడ ఆయన కళ్లు కూడా బాగవుతాయి. కళ్లద్దాలతో పని ఉండదు."

"అయితే మరీ ముప్పు. ఆయన నన్ను ఏనాడూ సరిగ్గా చూసినవాడు కాదు. ఇప్పుడు కళ్లు బాగుపడి చూస్తే, ఈవిడెవరో అనుకుని పక్కనుంచి వెళ్లిపోతాడు."

అయ్యగారు టీ కప్పు కింద పెట్టేశారు, ఒలకకుండా. నవ్వు ఆపుకుని, "కట్టుడు పళ్లు అక్కడికి రావు కదమ్మా" అన్నారు.

"రాకపోతే పోనీ. అక్కడ ఏ పళ్లిస్తే అవే పెట్టుకుంటాను. ఎనిమిదేళ్లుగా నా నాలుక దారి మర్చిపోయింది, అదీ నా బాధ. మళ్లీ అలవాటు పట్టాలి. అంతమందీ పాట ఎత్తుకున్నాక అప్పుడు సాధన చేస్తానంటే ఎవరాగుతారు?"

"కానీ లోపాలేవీ ఉండవని నేనే కదమ్మా ఆదివారం..." అంటూ అయ్యగారు ఆగిపోయారు. కాసేపు తన అరచేతి వంక చూసుకున్నారు. "ఒక్కటుంది. సమాధిలోంచి లేచాక కూడా ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. చూస్తే గాని నమ్మనన్న శిష్యుడికి వాటినే చూపించారు. మాన్చుకోవడం చేతకాక కాదు కదా, ఉంచుకున్నారు." మళ్లీ ఆలోచించారు. "మీ సందు అక్కడ ఉంటుందని నేను మాటివ్వలేను. ఉండదని మాత్రం ఇక చెప్పను."

"అంత చాలు," అంది ఈలమ్మ.

వారం తిరిగేసరికి పళ్లాయన మైనం మీద పళ్లు అమర్చి నోట్లో పెట్టి చూశాడు. ఈలమ్మ "స్తోత్రం" అంది. చప్పుడు లేదు. మైనం వేడి చేసి పళ్లని కాస్త జరిపాడు. ఈసారి టీ కెటిల్ మరిగినట్టు కూసింది. ఇంకాస్త జరిపాడు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు వచ్చింది. మొన్నటిదాకా ససేమిరా అన్న మనిషికి ఇప్పుడు పట్టుదల పెరిగింది. కింద మందుల షాపువాళ్లు పైన పిట్టల్ని పెంచుతున్నారా అని అడిగిపోయారు కూడా.

"ఇప్పుడెలా ఉందమ్మా? ఇదేనా?"

ఈలమ్మ తెల్లమొహం వేసింది. "నా ఈల నేను లోపల్నించి విన్నదాన్ని. బయటికి ఎలా ఉండేదో నాకేం తెలుసు?"

విన్నవాళ్లు ఎవరున్నారని చూస్తే, లాండ్రీ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. మిగిలింది చిట్టి ఒక్కతే.

చిట్టి రానంది. మెట్లెక్కలేనంది. మెట్ల మీద చెయ్యి పట్టుకుంటానంటే, అసలు ఆ ఈల తనకి గుర్తే లేదంది.

"ఇరవై ఏళ్ల కిందట నీ గొడుగు బస్సులో మర్చిపోయొచ్చానని నిన్న కూడా దెప్పావు. ఇది గుర్తు లేదా?"

చిట్టి తువ్వాలు మడిచింది. విప్పి మళ్లీ మడిచింది. లాండ్రీలో నేర్చుకున్న మడత, అంచుకి అంచు.

"అన్నయ్య బతికున్నప్పుడూ ఇంతే," అంది చివరికి. "నేను పక్కనే నిలబడి పిలుస్తున్నా వినేవాడు కాదు. ఎక్కడో నీ ఈల వినపడితే చాలు, మెడ అటు తిరిగిపోయేది. వాణ్ణి ఎత్తుకుని పెంచలేదు గాని, వాడి వెనకే పెరిగాను. అక్కడైనా ముందు నన్ను చూస్తాడేమో అనుకున్నాను. అక్కడ కూడా నువ్వు ఈలేస్తే ఇక నా మొహం ఎవరు చూస్తారు?"

ఇన్నేళ్లూ చిట్టి చెవిటి చెవి తన వైపు పెట్టుకుంటే, పాట నచ్చక అని అనుకుంది ఈలమ్మ. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చూడు చిట్టీ. ఈల విని వస్తాడు. వచ్చాక ఎవరు కనపడితే వాళ్లనే కదా చూసేది. నేనా, నాలుగున్నర అడుగులదాన్ని. నువ్వు నా పక్కన నిలబడ్డావనుకో, ముందు నీ మొహమే కంటికి తగుల్తుంది."

చిట్టి లెక్క వేసుకుంది. ఆ లెక్కలో మోసం ఎక్కడుందా అని వెతికింది. "నువ్వు ముందు పోతే?"

"నువ్వొచ్చిందాకా నోరు మూసుకుని కూర్చుంటాను."

"నువ్వా?"

"మరి నువ్వే ముందు పోతే?"

"నేనే వాణ్ణి వెతికి పట్టుకుంటాను. పాటలో ‘స’ దగ్గర చెవి పెట్టుకోరా, మీ ఆవిడ వస్తోంది అని చెప్తాను." చిట్టి తువ్వాలు అలమరలో పెట్టింది. "పద. మెట్ల మీద నన్ను తొందరపెట్టొద్దు."

పళ్లాయన గదిలో చిట్టి కుర్చీని అడ్డంగా తిప్పి, మంచి చెవి వదిన వైపు పెట్టుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది.

"స్తోత్రం."

"ఇది పోలీసు ఈల. ఇది కాదు."

పళ్లాయన మైనం వేడి చేశాడు.

"స్తోత్రం."

"ఇందులో తడి ఉంది. అది పొడిగా ఉండేది."

ఆయన ఒక పంటి అంచుని వెంట్రుకవాసి అరగదీశాడు. ఈలమ్మ మళ్లీ అంది. చిట్టి కళ్లు తెరిచింది. పళ్లాయన ఆకురాయి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చిట్టి సంచీలోంచి రుమాలు తీసి, దేనికి తీసిందో మర్చిపోయినట్టు, మళ్లీ లోపల పెట్టేసింది.

"అక్కడితో ఆపండి," అంది. "ఇంక కదపొద్దు. నేను భరించలేకపోయింది సరిగ్గా ఇదే."

కొత్త పళ్లు శనివారం చేతికొచ్చాయి. ఆదివారం చర్చిలో చిట్టి ఎప్పటిలా కుడిపక్కకి వెళ్లలేదు. బెంచీకి ఎడమ చివర కూర్చున్న ఇద్దరిని జరగమని చెప్పి, వదినకి ఎడమ వైపున కూర్చుంది. పాట ఎత్తుకున్నారు. మొదటి వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అయ్యగారు పుస్తకం కాస్త పైకి పట్టుకున్నారు, మొహం కనపడకుండా.

పాటలో ఐదు చరణాలు. మొత్తం ‘స’లు ఇరవై మూడని, అందులో రెండింటికి ఈల రాలేదని, ఇంటికి నడిచేటప్పుడు చిట్టి చెప్పింది.