సైన్ తొంభై, పెయింటర్ అన్న నిచ్చెన

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ లేదు. (ఇప్పుడు తెలియనివాటితోనే రోజు గడిచిపోతోంది, అది వేరే సంగతి.) బీఎస్సీ లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని నాచారంలో మా ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, ఉద్యోగమే గుమ్మం ముందుకొస్తుందనుకున్నాను. రాలేదు. మా నాన్న మాత్రం ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే, "ఈ నెలల నౌకరి దొరకకుంటే కరీంనగర్ పోయి పెద్దమ్మోళ్ల బట్టల దుకాణంల కూసో బిడ్డా" అని తేల్చేశాడు. అందుకే ఉప్పల్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు డెమో క్లాసుకు రమ్మనగానే, నన్ను కాస్త పెద్దదానిలా చూపించే అమ్మ కాటన్ చీర కట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

డెమో పదో తరగతికి, పాఠం త్రికోణమితి. దారంతా సైన్ విలువలు జపం చేశాను: సున్నాకు సున్నా, ముప్పైకి సగం, తొంభైకి ఒకటి. డైరెక్టర్ సార్ వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. పక్కగోడకు నిచ్చెన వేసుకుని పెయింటర్ అన్న రంగు కొడుతున్నాడు. (పనీ ఆగకూడదు, పాఠమూ ఆగకూడదు, సార్ పద్ధతి అది.) విలువలన్నీ బోర్డు మీద ముత్యాల్లా రాసి నేను చేతులు దులుపుకుంటుండగా, మొదటి బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది.

"మేడం, లంబకోణ త్రిభుజంల ఒక తొంభై ముందే ఉంది గదా. గింకో తొంభై ఏడికెల్లి వస్తది?"

మూడేళ్ల డిగ్రీలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. సార్ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. కరీంనగర్ బస్సు హారన్ నా చెవుల్లో మోగింది. సరిగ్గా అప్పుడే నిచ్చెన మీద కన్ను పడింది. గోడ, నేల, ఏటవాలుగా నిచ్చెన. త్రిభుజం కళ్లెదుటే ఉంది! ఆ పిల్లను నిచ్చెన కాళ్ల దగ్గర నిలబెట్టి, "గోడ నీకెట్లుంది?" అన్నాను.

"ఎదురుంగ ఉంది మేడం."

"అన్నా, పైన మీకు?"

"నాకు పక్కకే ఉంది. తడి ఆరలే మేడం, ముట్టుకోకుండ్రి."

క్లాసు గొల్లుమంది. "చూసిన్రా! ఒకటే గోడ. కిందామెకు ఎదుటి భుజం, పైనున్న అన్నకు ఆసన్న భుజం. ఆమె సైనే అన్నకు కొసైన్! ఇద్దరి కోణాలు కలిపితే తొంభై. నిచ్చెన ఎంత వాల్చినా గంతే!"

"మరి సైన్ తొంభై?" ఆ పిల్ల వదల్లేదు.

"అన్నా, దిగి జర నిచ్చెన కాళ్లు గోడ దిక్కు జరుపుతరా?"

అన్న హుషారుగా దిగాడు. (రంగు కొట్టడం కన్నా పాఠమే బాగుందనుకున్నాడేమో.) కాళ్లు జరిపేకొద్దీ కింది కోణం పెరుగుతోంది, నిచ్చెన పై కొస గోడ మీద పైపైకి పాకుతోంది. "చూడండి! ఎత్తు నిచ్చెన పొడవుకు దగ్గరైతుంది! నిటారుగ నిలబడితే త్రిభుజమే మిగలదు, ఎత్తూ నిచ్చెనా సమానం, భాగిస్తే ఒకటి!" అని నేను ఊగిపోతున్నాను. ఎత్తు పెరుగుతుందని అంతగా గొంతు చించుకుంటున్న దాన్ని, అది పెరిగి పెరిగి ఎక్కడికి పోతుందో మాత్రం ఆలోచించలేదు. ఫట్‌మంది. సీలింగుకు కొత్తగా వేయించిన తెల్లటి పలక పగిలి, బాగా చూద్దామని ముందుకొచ్చిన డైరెక్టర్ సార్ మీద పొడిపొడిగా రాలింది.

సార్ తెల్లటి కనుబొమలతో పిల్లల వైపు తిరిగారు. "సైన్ తొంభై ఎంత?"

"ఒకటీ!" అన్న కేకకు ఇంకో పెచ్చు రాలింది.

సార్ భుజాలు దులుపుకుంటూ నా దగ్గరకొచ్చారు. "రేపటికెల్లి రామ్మా. కానీ ఎత్తులు, దూరాల పాఠం ఉంది సూడు, గది మాత్రం వేరే సారు చెప్తడు."

ఆ సాయంత్రం నాచారం దాకా నడిచే వెళ్లాను. అంత సంతోషం షేర్ ఆటోలో పట్టదనిపించింది. ఇప్పుడు నా పాఠాలు సాఫీగా సాగిపోతాయి, సీలింగులు క్షేమంగా ఉంటాయి. అయినా ఒక్కోసారి, అమ్మ చీర కట్టుకుని అన్నీ తెలుసనుకున్న అప్పటి నేనే తలుపు తోసుకుని వచ్చి ఒక్క పీరియడ్ తీసుకుంటే బాగుండుననిపిస్తుంది. నేను వెనక బెంచీలో కూర్చుని హాయిగా నవ్వుకుంటాను.