బస్తా గోధుమలకు బస్తా పావురాలు

జన్నూబాకు ఆస్తి అంటూ ఉన్నది ఇంటి వెనక మట్టి గోపురం, దాని గూళ్ళలో మూడు వందల పావురాలు. భర్త పోయాక ముగ్గురు కూతుళ్ళను పెంచింది వాటి పిల్లల్ని సంతలో అమ్ముకునే. అలాగని ఏనాడూ వాటికి గుప్పెడు గింజలు వేసిన పాపాన పోలేదు. పొద్దున్నే అవే లేచి ఊరి పొలాల మీద పడి మేసి, సాయంత్రానికి బుద్ధిగా ఇల్లు చేరేవి.

పక్క పొలం హాజీ దసూఖీకి ఇదే కడుపుమంట. ఆ ఏడు కోతలు కాగానే ఊరిపెద్ద వాకిట్లో పంచాయతీ పెట్టించాడు.

"నా గోధుమలు బస్తాడు మేశాయి. బస్తా తూకానికి పావురాలు ఇప్పించండి. తిన్నది వాటి ఒంట్లోనే ఉంటుందిగా, ఎక్కడికి పోతుంది?"

బస్తా అంటే వంద కిలోలు. గోపురం మొత్తం ఊడ్చిపెడితే గానీ సరిపోదు. జన్నూబా కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"అలాగే హాజీ. పది పావురాల్ని మీ మిద్దె మీద పంజరంలో పెట్టుకోండి. వారం రోజులు మీ చేత్తోనే మేపండి. అవి తిన్నదెంతో, పెరిగిన బరువెంతో చూద్దాం. ఆ లెక్కనే బస్తాకూ ఇచ్చుకుంటాను."

దసూఖీ ఉబ్బిపోయాడు. వారమంతా కొత్త అల్లుడికి వడ్డించినట్టు వడ్డించాడు. మూడు కిలోల గోధుమలు అయిపోయాయి. ఎనిమిదో రోజు ఊరిపెద్ద ఎదుట తూస్తే, పది పావురాలూ కలిపి పెరిగింది వంద గ్రాములు.

"ఎగరనే లేదు కదా! పంజరంలోనే కూచున్నాయి కదా! మిగతాదంతా ఏమైంది?"

"ఊపిరి తీశాయి, రెక్కలు కొట్టుకున్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంచుకున్నాయి" అంది జన్నూబా. "అందులో చాలామటుకు అలా ఖర్చయిపోయింది. కొంత రెట్టయింది. ఆ రెట్ట ఏటా మీ పుచ్చ పాదులకే కదా తీసుకెళ్తారు?"

"అంతా దొంగలెక్క!"

గుమ్మంలో నిలబడ్డ దసూఖీ భార్య బహీగా ఇక ఊరుకోలేకపోయింది.

"అరవై ఏళ్ళుగా పూటకు అయిదు రొట్టెలు లాగిస్తున్నావు. నీ లెక్కే నిజమైతే ఈపాటికి నువ్వు ఈ వాకిట్లో పట్టకూడదయ్యా!"

ఊరిపెద్ద నవ్వు దాచుకోవడానికి తలపాగా సర్దుకుంటూ తీర్పు చెప్పాడు. మూడు కిలోలకు వంద గ్రాములైతే, బస్తాకు మూడు కిలోల చిల్లర. అంటే పది పావురాలు. పంజరంలోవే దసూఖీ ఉంచుకోవాలి. గోపురం జోలికి ఎవరూ పోకూడదు.

పది పావురాలు పోయినందుకు జన్నూబా కాస్త మొహం వేలాడేసింది. పంచాయతీలో అలా ఉండటం మంచిది మరి.

మర్నాడు పొద్దున దసూఖీ మిద్దెక్కి, "పోండర్రా, ఇవాళ్టి నుంచి మీరు నావాళ్ళు! పోయి ఆవిడ పెరట్లో మేసి రండి!" అని పంజరం తలుపు తీశాడు. పదీ ఒక్కసారిగా లేచి, మిద్దె చుట్టూ ఒక చుట్టు తిరిగి, తిన్నగా వచ్చి జన్నూబా గోపురంలో వాటి వాటి గూళ్ళలో దూరాయి.

దసూఖీ మిద్దె మీంచి కేకలేస్తున్నాడు. పెరట్లో పిండి కలుపుతున్న జన్నూబా తలెత్తి చూసింది.

"పిలుచుకోండి హాజీ" అంది. "మీవేగా, వస్తాయి!"